టోపీపై యంత్ర ఎంబ్రాయిడరీ: ఇంటి మిషన్, తెలుగు అక్షరం

టోపీ ముందు భాగం మీదో పక్కల మీదో పేరు, గుర్తు, పువ్వు వంటి ఆకృతిని కంప్యూటర్ ఎంబ్రాయిడరీ మిషన్‌తో కుట్టడాన్ని టోపీపై యంత్ర ఎంబ్రాయిడరీ అంటారు. కర్మాగారాల్లో ఈ పనికి గొట్టంలాంటి సన్నటి చేయి, పలు సూదులు ఉన్న పెద్ద యంత్రాలు వాడతారు. ఇంట్లో వాడే ఒంటి సూది మిషన్ చదునైన బట్ట కోసం తయారైంది. టోపీ గుండ్రంగా ఉంటుంది. ఆ గుండ్రటిదాన్ని కుట్టుకు చాలినంత మేర చదును చేసి, కదలకుండా నిలపడమే ఈ పనిలో అసలు నేర్పు. తెలుగు పేర్లు కుట్టేవారికి రెండో నేర్పు కూడా కావాలి: వత్తులు, గుళ్లు, దీర్ఘాలు దారంలో చెడకుండా డిజైన్ తయారుచేసుకోవడం. కనిగిరి, మార్కాపురం, గిద్దలూరు వంటి ఉమ్మడి ప్రకాశం జిల్లా పడమటి పట్టణాల్లో ఈ పని చేయదలచినవారికి రెండూ అవసరమే.

చరిత్ర

తెలుగు ఇళ్లలో మగ్గం వర్క్‌గా పేరుపడిన పనిలో కొక్కెం ఉన్న ఆరీ సూదితో గొలుసుకుట్టు వేస్తారు. ఇదే గొలుసుకుట్టుతో ఎంబ్రాయిడరీ చేసే యంత్రాన్ని ఫ్రాన్స్‌కు చెందిన ఆంత్వాన్ బొన్నాజ్ 1865లో కనిపెట్టాడు. అంతకుముందే, 1828లో, మ్యూల్‌హౌస్ పట్టణంలో జోస్వే హైల్మన్ ఒకే మనిషి చేతి కదలికతో అనేక సూదులు ఒకేసారి కుట్టే యంత్రం తయారుచేశాడు. 1863లో స్విట్జర్లాండ్‌కు చెందిన ఐజాక్ గ్రోబ్లీ పైదారం, కిందదారం ముడిపడే షిఫ్లీ యంత్రాన్ని రూపొందించాడు. నేటి ఎంబ్రాయిడరీ మిషన్లలోనూ పైన సూది దారం, కింద బాబిన్ దారం కలిసే కుట్టవుతాయి.

జపాన్‌కు చెందిన తాజిమా సంస్థ 1964లో అనేక తలలున్న ఆటోమేటిక్ యంత్రాన్ని మార్కెట్‌లోకి తెచ్చింది. అప్పటి యంత్రాలు చిల్లులు కొట్టిన కాగితపు పట్టీని చదువుతూ కుట్టేవి. డిజైన్ తయారీని మన దేశంలో నేటికీ పంచింగ్ అనే పిలవడానికి కారణం అదే. ఇంట్లో వాడదగ్గ కంప్యూటర్ ఎంబ్రాయిడరీ మిషన్ 1990లో జనోమ్ సంస్థ మెమరీ క్రాఫ్ట్ 8000తో మొదలైంది. తర్వాత బ్రదర్ తదితర సంస్థలు ఈ రంగంలో పోటీకి వచ్చాయి. భారత్‌లో ఉషా జనోమ్, బ్రదర్ పేర్లతో ఇంటి మిషన్లు దొరుకుతున్నాయి.

ముందు రెక్క ఉండే టోపీ బేస్‌బాల్ ఆటగాళ్ల నుంచి వచ్చింది. బ్రూక్లిన్ ఎక్సెల్సియర్స్ జట్టు 1860లో ధరించిన టోపీ దీనికి పూర్వరూపం. 1920లో అమెరికాలోని బఫెలోలో మొదలైన న్యూ ఎరా సంస్థ 1954లో తెచ్చిన 59ఫిఫ్టీ నమూనా, ముందు భాగం నిటారుగా నిలిచే టోపీకి ప్రమాణంగా నిలిచింది. తెలుగు నేలమీద తలపాగా, రుమాలు, నమాజు టోపీ, ఖద్దరు గాంధీ టోపీ ముందు నుంచీ ఉన్నవే. రెక్క టోపీ క్రికెట్‌తో, బడి యూనిఫాంతో, ఎండతో పల్లెల దాకా చేరింది.

టోపీ నిర్మాణం

రెక్క టోపీలో సాధారణంగా ఆరు ముక్కలుంటాయి. ముందున్న రెండు ముక్కలు కలిసే చోట నుదుటి మధ్యగా ఒక అతుకు దిగుతుంది. దాని వెనక పట్టీ కూడా ఉండటంతో అక్కడ బట్ట మూడు నాలుగు పొరల మందం అవుతుంది. ముందు ముక్కల లోపల బక్రం అనే గట్టి బట్ట వేస్తే టోపీ బిగువుగా నిలుస్తుంది. బక్రం లేని టోపీ మెత్తగా మడతపడుతుంది. లోపల అంచు చుట్టూ చెమటపట్టీ, కింద గట్టి అట్ట పెట్టి కుట్టిన రెక్క, నడినెత్తిన గుండీ, వెనక సైజు సరిచేసుకునే పట్టీ ఉంటాయి.

ఇంటి మిషన్‌కు వీటిలో మూడు అడ్డువస్తాయి: రెక్క, మధ్య అతుకు, బక్రం. అందుకే కొత్తగా నేర్చుకునేవారు ముందు భాగం ఒకే ముక్కగా ఉండే ఐదు ముక్కల టోపీతోనో, బక్రం లేని నూలు టోపీతోనో మొదలుపెట్టడం మంచిది. మధ్య అతుకు లేకపోతే సూది విరిగే ప్రమాదం చాలావరకు తగ్గుతుంది. బక్రం లేకపోతే టోపీ చదునుగా పరుచుకుంటుంది.

యంత్రాలు, ఫ్రేములు

ఒంటి సూది ఇంటి మిషన్లలో చిన్నవాటి ఫ్రేమ్ 100 × 100 మి.మీ., కాస్త పెద్దవాటిది 130 × 180 మి.మీ. ఉంటుంది. సూది ఉన్నచోటే పైకీ కిందకీ ఆడుతుంది. ఫ్రేమే అటూ ఇటూ జరుగుతూ ఆకృతి గీస్తుంది. ఫ్రేమ్‌కు బిగించిన టోపీ మొత్తం మిషన్ బల్ల మీద తిరగాలి కాబట్టి, రెక్క గానీ వెనక భాగం గానీ మిషన్ ఒంటికి తగిలితే ఫ్రేమ్ ఆగిపోయి డిజైన్ పక్కకు జరుగుతుంది. రంగు మారిన ప్రతిసారీ దారం చేత్తో మార్చాలి.

ఆరు లేదా పది సూదుల చిన్న వ్యాపార యంత్రాల్లో సూది కింద సన్నటి చేయి ఉంటుంది. టోపీ ఆ చేతికి తొడిగిన ప్రత్యేక ఫ్రేమ్‌లో కూర్చుని, కుట్టే కొద్దీ చుట్టూ తిరుగుతుంది. బ్రదర్ పీఆర్ శ్రేణిలో మామూలు టోపీ ఫ్రేమ్ 50 × 130 మి.మీ., వెడల్పు టోపీ ఫ్రేమ్ 60 × 360 మి.మీ. మేర కుడుతుంది. అంత ప్రత్యేకమైన ఫ్రేమ్‌లోనూ ఎత్తు 60 మి.మీ. దాటడం లేదన్నది గమనించాలి. టోపీ నుదురు పైకి వెళ్లేకొద్దీ వెనక్కు వంగుతుంది, అందుకే పరిమితి ఎప్పుడూ ఎత్తులోనే వస్తుంది. ఇంటి మిషన్‌పై 45 మి.మీ. ఎత్తు దాటకుండా డిజైన్ పెట్టుకుంటే పని నమ్మకంగా సాగుతుంది. కింద రెక్క అతుకు నుంచి కనీసం 12 మి.మీ. ఖాళీ వదలాలి.

టోపీని ఫ్రేమ్‌లో నిలపడం

తయారైన టోపీ మందాన్ని ఇంటి మిషన్ ఫ్రేమ్ రింగుల మధ్య బిగించడం కష్టం. బలవంతంగా బిగిస్తే రింగు విరగవచ్చు, టోపీపై మాయని ముద్ర పడవచ్చు. అందుకే కుట్టు అడుగున ఆసరాగా ఉండే బ్యాకింగ్ పేపర్‌ను మాత్రమే ఫ్రేమ్‌లో బిగించి, టోపీని దానిపై అంటించే పద్ధతి వాడతారు. ఒకవైపు జిగురున్న పేపర్ దొరికితే పై కాగితం ఒలిచి వాడతారు. దొరకకపోతే మామూలు పేపర్‌పై ఎంబ్రాయిడరీ స్ప్రే జిగురు పలుచగా చల్లుతారు. స్ప్రే ఎప్పుడూ మిషన్‌కు దూరంగా చేయాలి.

చేసే క్రమం ఇది. ముందు చెమటపట్టీని బయటకు మడిచి, కుట్టు కింద పడకుండా పిన్నులతో పట్టాలి. టోపీ మధ్య అతుకు వెంబడి చాక్‌పీస్‌తో నిలువు గీత, రెక్కకు 12 మి.మీ. పైన అడ్డగీత గీయాలి. ఫ్రేమ్‌లోని పేపర్‌పై కూడా అదే కూడలి గుర్తించాలి. టోపీ గీతలను పేపర్ గీతలతో కలిపి, మధ్య నుంచి అంచులకు బొటనవేళ్లతో నొక్కుతూ గాలి బుడగలు లేకుండా అంటించాలి. తర్వాత డిజైన్ చుట్టూ పొడుగు టాకాలు వేయాలి. చాలా మిషన్లలో ఈ టాకాల గడి వేసే సదుపాయం ఉంటుంది. జిగురు ఒక్కదాన్నే నమ్మితే కుట్టు సాగేకొద్దీ టోపీ జరగడం మొదలవుతుంది. టాకాలు దాన్ని ఆపుతాయి.

రెక్క కుట్టేవారి వైపు ఉంటే డిజైన్ మామూలుగానే పెట్టాలి. మిషన్ వెనక వైపు ఉంటే 180 డిగ్రీలు తిప్పాలి. కుట్టు మొదలుపెట్టే ముందు డిజైన్ హద్దు చుట్టూ ఫ్రేమ్‌ను ఒట్టిగా తిప్పి చూడాలి. రెక్క ఎక్కడైనా తగిలితే అప్పుడే తెలుస్తుంది.

బక్రం లేని టోపీకి కత్తిరించి తీసే గట్టి బ్యాకింగ్ మేలు. ఉతికినా అది లోపల నిలిచి డిజైన్‌ను పట్టుకుంటుంది. బక్రం ఉన్న టోపీకి చింపి తీసే రకం చాలు.

దారం, సూది, వేగం

ఎంబ్రాయిడరీకి సాధారణంగా 40 నంబరు రేయాన్ లేదా పాలిస్టర్ దారం, కింద 60 నంబరు బాబిన్ దారం వాడతారు. ఎండలో, చెమటలో నానే టోపీకి పాలిస్టరే మంచిది. రంగు ఎక్కువ కాలం నిలుస్తుంది. సూది 75/11 మొనదేలిన రకం. మందపు అతుకు దాటాల్సి వస్తే 80/12. చాలా చిన్న అక్షరాలకు 60 నంబరు పైదారం, 65/9 సూది.

ఇంటి మిషన్లు నిమిషానికి 650 నుంచి 850 కుట్ల దాకా వేయగలవు. టోపీపై ఆ వేగం పనికిరాదు. 400 నుంచి 500 మధ్య పెట్టుకుంటే బట్ట సూదితో పాటు పైకి లేవదు. 5,000 కుట్ల డిజైన్ 500 వేగంతో 10 నిమిషాల్లో పూర్తవుతుంది. టోపీ అంటించడం, టాకాలు, దారం మార్పులు, చివర పేపర్ తీయడం కలిపితే కుట్టే సమయమంత సమయం చేతిపనికీ పడుతుంది. పని ఒప్పుకునేటప్పుడు ఈ లెక్క వేసుకోవాలి.

డిజైన్ పంచింగ్

మిషన్‌కు బొమ్మ అర్థం కాదు. ఏ బిందువు నుంచి ఏ బిందువుకు కుట్టు పడాలన్న వరసే దానికి కావాలి. బ్రదర్ మిషన్లు పీఈఎస్, జనోమ్ మిషన్లు జేఈఎఫ్, తాజిమా యంత్రాలు డీఎస్‌టీ ఫైళ్లను చదువుతాయి. సన్నటి గీతలకు రన్నింగ్ కుట్టు, అక్షరాల కాళ్లకు, అంచులకు అటూ ఇటూ దగ్గరగా పడే శాటిన్ కుట్టు, వెడల్పు భాగాలకు ఫిల్ అనే నింపుడు కుట్టు వాడతారు. శాటిన్ వెడల్పు 1 మి.మీ. కన్నా తగ్గితే సూది పడ్డచోటే మళ్లీ పడి బట్ట చిల్లు పడుతుంది.

జాకెట్టు చేతికి చేసిన డిజైన్‌ను అలాగే టోపీకి వాడితే చెడిపోతుంది. దీనికి కారణం కుట్టు తత్వంలోనే ఉంది. ప్రతి శాటిన్ కుట్టూ బట్టను తన వెడల్పు దిశలో లోపలికి లాగుతుంది, పొడవు దిశలో బయటికి తోస్తుంది. చదునుగా బిగించిన బట్ట దీన్ని తట్టుకుంటుంది. టోపీ కింద ఖాళీ ఉండటంతో ఆ తోపుడు ముడతగా పేరుకుంటుంది. అందుకని టోపీ డిజైన్‌ను మధ్య నుంచి పక్కలకు, కింద నుంచి పైకి కుట్టేలా పంచ్ చేస్తారు. అప్పుడు ముడత బయటికి జరిగి పోతుంది, మధ్యలో చిక్కుకోదు. ఒక అక్షరం నింపుడు, అంచు రెండూ ముగించాకే పక్క అక్షరానికి వెళ్లాలి. అన్ని అక్షరాలూ నింపి, చివర అన్నిటికీ అంచులు కుడితే, అప్పటికే టోపీ జరిగి అంచులు పక్కన పడతాయి. పై కుట్టుకు ముందు బట్టను పట్టి ఉంచే అడుగు కుట్టు తప్పనిసరి. శాటిన్ గీత వెడల్పు లోపలికి లాగే మేర తగ్గుతుంది కాబట్టి, 0.3 నుంచి 0.4 మి.మీ. ముందే ఎక్కువ పెడతారు.

తెలుగు అక్షరాలు

ఎంబ్రాయిడరీ సాఫ్ట్‌వేర్లతో సిద్ధంగా వచ్చే అక్షరాలు ప్రధానంగా ఇంగ్లిష్‌వి. తెలుగు పేరు కుట్టాలంటే కంప్యూటర్ తెలుగు ఫాంటు ఆకారాన్ని తీసుకుని చేత్తో పంచ్ చేయడమే మేలైన దారి. ఒక్క మీటతో జరిగే ఆటో పంచింగ్‌కు తలకట్టు ఎక్కడ ముగుస్తుందో, గుడి ఎక్కడ మొదలవుతుందో తెలియదు. అది అక్షరాన్ని మరకలా నింపుతుంది.

పశ్చిమ ప్రకాశపు మూడు ఊళ్ల పేర్లే దీనికి మంచి పాఠం. కనిగిరి, మార్కాపురం, గిద్దలూరు మూడింటిలోనూ నాలుగేసి అక్షరాలు. ఆరు ముక్కల టోపీ మధ్య అతుకును రెండో, మూడో అక్షరాల మధ్య ఖాళీలో పడేలా అమర్చితే ఏ అక్షరమూ అతుకు ఎక్కాల్సిన పని లేదు.

వీటిలో కనిగిరి తేలిక. వత్తులు లేవు, వెడల్పులు దాదాపు సమానం. అక్షరానికి 20 మి.మీ. చొప్పున ఖాళీలతో కలిపి 85 మి.మీ. వెడల్పులో, 100 మి.మీ. చిన్న ఫ్రేమ్‌లోనే ఇమిడిపోతుంది. కుట్టు క్రమం మధ్య నుంచి: ముందు గి, తర్వాత రి, తిరిగి వచ్చి ని, చివర క. మూడు అక్షరాలపై గుళ్లున్నాయి. గుడి లోపలి ఖాళీ 1.5 మి.మీ. కన్నా తక్కువైతే దారం ఉబ్బి పూడిపోతుంది, చదివేవారికి గుడి బదులు చుక్క కనిపిస్తుంది. పంచింగ్‌లో గుడిని ఫాంటులో ఉన్నదానికన్నా కాస్త పెద్దదిగా తెరిచి ఉంచాలి.

మార్కాపురంలో ర కింద క వత్తు, గిద్దలూరులో ద కింద ద వత్తు ఉన్నాయి. వత్తు దాదాపు సగం పరిమాణంలో ఉంటుందనుకుంటే లెక్క ఇలా తేలుతుంది. వత్తు గీత 1 మి.మీ. ఉండాలంటే పై అక్షరం గీత 2 మి.మీ. ఉండాలి. ఆ మందంలో అక్షరం ఒళ్లు 12 మి.మీ. కన్నా తగ్గకూడదు. పైన గుడికో తలకట్టుకో 5 మి.మీ., కింద ఖాళీతో కలిపి వత్తుకు 7 మి.మీ. చేరితే మొత్తం 24 మి.మీ. అవుతుంది. రెండు వరసలు పెడితే ఖాళీతో కలిపి 50 మి.మీ. దాటుతుంది. కాబట్టి ఇంటి మిషన్‌పై వత్తులున్న తెలుగు పేరు ఒకే వరసలో కుట్టడం ఉత్తమం. రెండో వరస తప్పనిసరైతే అంకెలో, వత్తులు లేని చిన్న మాటో పెట్టాలి.

రాసేటప్పుడు వత్తు చివర వస్తుంది. కుట్టేటప్పుడు కింద నుంచి పైకి పోవాలి కనుక వత్తు ముందు, ఒళ్లు తర్వాత, తలకట్టు లేదా గుడి చివర వస్తాయి. ద, ధ, థ మధ్య తేడా, ప, ఫ మధ్య తేడా చిన్న గీతతోనో చుక్కతోనో తెలుస్తాయి. ఆ గీత మిగతా కుట్టులో కలిసిపోతే మనిషి పేరే మారిపోతుంది. అందుకే ప్రతి కొత్త పేరునూ ముందు పాత బట్టపై కుట్టి, చేయి చాచినంత దూరంలో పెట్టి చదవాలి. అక్కడి నుంచి తడుముకోకుండా చదవగలిగితేనే టోపీ ఎక్కించాలి.

చదునుగా కుట్టి టోపీగా కలపడం

టోపీ గుండ్రం కాకముందే కుట్టేస్తే ఇంటి మిషన్‌కు ఏ ఇబ్బందీ ఉండదు. టోపీలు సొంతంగా కుట్టగల దర్జీలకు ఇది గొప్ప అవకాశం. ముందు ముక్కను కత్తిరించక ముందు బట్టపై గీసి, డిజైన్ కుట్టి, ఆ తర్వాత కత్తిరించి కలుపుతారు.

నమాజు టోపీ ఈ పద్ధతికి అచ్చంగా సరిపోతుంది. దానిలో చుట్టూ ఒక పట్టీ, పైన ఒక గుండ్రటి ముక్క ఉంటాయి. 56 సెం.మీ. పట్టీని 14 సెం.మీ. చొప్పున నాలుగు భాగాలు చేసి, ఒకే లతను 130 × 180 మి.మీ. ఫ్రేమ్‌లో నాలుగుసార్లు బిగించి కుడితే చుట్టూ ఒకే హారంగా కలుస్తుంది. ప్రతి భాగం చివర గుర్తు కుట్టు ఒకటి వేసుకుంటే తర్వాతి బిగింపు దాని మీదే మొదలవుతుంది. చివరి రెండు కొసలూ కలిసేచోట లత తెగకుండా చూడటంలోనే పనివారి చేయి తెలుస్తుంది. గాంధీ టోపీ పట్టీకీ ఇదే పద్ధతి.

బక్రం బిగువుగా ఉన్న రెడీమేడ్ టోపీకి బ్యాడ్జీ మేలు. గుర్తును ట్విల్ బట్టపై విడిగా కుట్టి, అంచుకు శాటిన్ కట్టు వేసి, కత్తిరించి టోపీపై కుడతారు లేదా వేడితో అంటిస్తారు. ఒకే బ్యాకింగ్‌పై ఐదారు బ్యాడ్జీలు ఒక్కసారే కుట్టవచ్చు. ఒకటి చెడినా టోపీ నష్టపోదు.

సాధారణ లోపాలు

కింద దారం గూడు కట్టడానికి ఎక్కువగా కారణం పైదారం టెన్షన్ పలకల మధ్య సరిగా కూర్చోకపోవడం, లేదా టోపీ పేపర్‌కు అంటకుండా సూదితో పైకి లేవడం. అలాంటప్పుడు ఫ్రేమ్‌ను లాగకూడదు. కింది దారాలు కత్తిరించి, బాబిన్ డబ్బా తీసి శుభ్రం చేయాలి. దారం మాటిమాటికీ తెగితే జిగురు పేరుకున్న సూదిని మార్చాలి. శాటిన్ గీతను తిరగేసి చూస్తే మధ్యలో మూడో వంతు మేర బాబిన్ దారం కనిపించాలి. ఎక్కువ కనిపిస్తే పైదారం బిగువు ఎక్కువైనట్టు, అసలు కనిపించకపోతే వదులైనట్టు. అక్షరం నింపుడుకూ అంచుకూ మధ్య టోపీ బట్ట కనిపిస్తే పంచింగ్‌లో లాగుడుకు వదిలిన కొలత చాలలేదని అర్థం.

వేసవిలో 40 డిగ్రీలు దాటే పశ్చిమ ప్రకాశంలో దుమ్ము బాబిన్ గూట్లో త్వరగా పేరుకుంటుంది. రోజూ పని ముగిశాక కుంచెతో తుడవాలి. కరెంటు హెచ్చుతగ్గుల నుంచి కాపాడటానికి మిషన్‌కు యూపీఎస్ ఉండటం మంచిది. కుట్టు నడుమ కరెంటు పోతే మళ్లీ ఆగినచోటి నుంచే మొదలుపెట్టే సదుపాయం ఉన్న మిషన్‌లోనూ ఫ్రేమ్‌ను, టోపీని కదపకూడదు. కుట్టేటప్పుడు టోపీని చేత్తో పట్టుకోవాలనిపిస్తుంది. సూది దగ్గరకు వేళ్లు పోనివ్వకూడదు.

పశ్చిమ ప్రకాశంలో ఉపాధి

కనిగిరి 1970 దాకా నెల్లూరు జిల్లాలోను, మార్కాపురం, గిద్దలూరు కర్నూలు జిల్లాలోను ఉండేవి. 1970 ఫిబ్రవరి 2న ఏర్పడిన ఒంగోలు జిల్లాలో ఇవన్నీ కలిశాయి. 1972లో ఆ జిల్లాకు ప్రకాశం పేరు పెట్టారు. మెట్ట సేద్యం, నీటి కొరత, భూగర్భజలాల్లో ఫ్లోరైడ్ ఉన్న ప్రాంతం ఇది. వానలపై ఆధారపడని, ఇంట్లో చేసుకోగల పని ఇక్కడి ఆడవాళ్లకు నిజంగా అవసరం. డ్వాక్రా సంఘాలకు అలవాటైన ఈ ప్రాంతంలో కుట్టు మిషన్ కొత్తది కాదు. మార్కాపురం పలకలు ఎన్నో బడులకు అక్షరాలు దిద్దుకోవడానికి వెళ్లాయి. అలాంటి నేల మీద తెలుగు అక్షరాన్ని దారంతో దిద్దే పని వేళ్లూనడం ఎంతైనా సమంజసం.

పెట్టుబడికి ప్రభుత్వ పథకాలున్నాయి. 2015 ఏప్రిల్ 8న మొదలైన ముద్ర యోజనలో శిశు విభాగం కింద 50,000 రూపాయల దాకా హామీ లేని రుణం దొరుకుతుంది. 2023 సెప్టెంబరు 17న ప్రారంభమైన పీఎం విశ్వకర్మ పథకంలోని 18 వృత్తుల్లో దర్జీ పని ఒకటి. దానిలో పరికరాలకు 15,000 రూపాయల సాయం, 5 శాతం వడ్డీకి ముందు లక్ష, ఆ తర్వాత 2 లక్షల రూపాయల రుణం ఉన్నాయి. మిషన్ జాకెట్టు పనికీ పనికొస్తుంది కాబట్టి, టోపీల ఆర్డర్లు లేని రోజుల్లోనూ ఖాళీగా ఉండదు.

ఎన్నికల ప్రచారానికో పెద్ద కంపెనీకో వేల టోపీలు కావాల్సినప్పుడు స్క్రీన్ ప్రింటింగే చవక. ఆ ఆర్డర్ల కోసం ఇంటి మిషన్ పోటీపడకూడదు. సంక్రాంతికి, వేసవి సెలవులకు క్రికెట్ ఆడే ఊరి జట్టు, బడి ఆటలపోటీలు, దుకాణం సిబ్బంది, పుట్టినరోజుకు పిల్లవాడి పేరు వంటి పది, ఇరవై టోపీల పనులే దీనికి తగినవి. ఒక్కో టోపీపై ఒక్కో పేరు కావాలన్నప్పుడు ప్రింటింగ్‌కు ఖర్చు పెరుగుతుంది. ఎంబ్రాయిడరీకి ఫైలు మార్చితే చాలు. పేరున్న కంపెనీల, క్రీడా జట్ల గుర్తులను అనుమతి లేకుండా కుట్టి అమ్మడం 1999 ట్రేడ్ మార్క్స్ చట్టం కింద నేరం. ఈ విషయంలో మొహమాటానికి పోకూడదు.

దూరపు ఊళ్ల నుంచి వచ్చే ఇంగ్లిష్ అక్షరాల టోపీలతో ధరలో పోటీపడటం కష్టం. తెలుగు పేరును వత్తు చెడకుండా, గుడి పూడకుండా కుట్టగలవారు మాత్రం తక్కువ. గుణింతాలు, వత్తులు ఒక్కొక్కటే సొంతంగా పంచ్ చేసి, కుట్టి చూసి, కొలత రాసిపెట్టుకుంటే కొన్ని నెలల్లో ఏ పేరు అడిగినా కూర్చగల అక్షరపెట్టె తయారవుతుంది. ఫ్రేమ్ ఎంత చిన్నదైనా, ఆ పెట్టె ఉన్న దర్జీకి తన ఊళ్లో పని కొరత ఉండదు.